మాత్రకూ ఒక లైఫ్ సర్టిఫికెట్

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు విపులంగా చెప్పారు. భోజనాలకు ముందున్న ఈ కాస్త సమయం నాకిచ్చారు. నేను డాక్టరును కాను. ముప్పైనాలుగేళ్లు ఫైళ్లు చూసిన గుమాస్తాను. అయితే వారానికి రెండు రోజులు సంఘం ఆఫీసులో కూర్చుని, సభ్యులు తెచ్చే ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి సమ్మరీలు, మందుల చీటీలు తేదీలవారీగా వరుస పెట్టి కుట్టి ఇచ్చే పని నాది. ఆ కాగితాలు చూడగా చూడగా ఒక సంగతి గమనించాను. బి.పి. మాత్ర మారుతూ ఉంటుంది. షుగరు మాత్ర డోసు పెరుగుతుంది, తగ్గుతుంది. రాత్రి పడుకోబోయే ముందు వేసుకునే చిన్న మాత్ర మాత్రం మారదు. అయిదేళ్ల కిందటి చీటీలో ఉన్నదే నిన్నటి చీటీలోనూ ఉంటుంది.

"ఇది ఎప్పుడు మొదలుపెట్టారు?" అని అడుగుతాను. "మా ఆవిడ పోయినప్పుడండీ" అంటారొకరు. "రిటైరైన కొత్తలో గాభరాగా ఉంటే రాశారు" అంటారు ఇంకొకరు. "ఎన్నాళ్లకని రాశారు?" అంటే చాలామందికి జ్ఞాపకం ఉండదు. కొందరి దగ్గర ఆ మొదటి చీటీ దొరుకుతుంది. దాని మీద "పదిహేను రోజులు" అని ఉంటుంది.

మన సర్వీసులో ఒక టెంపరరీ పోస్టు మంజూరైతే ఫలానా తేదీ వరకు అని ఉత్తర్వులో స్పష్టంగా ఉండేది. ఆ తేదీ దాటితే కంటిన్యుయేషన్ ఉత్తర్వు జతచేయనిదే ట్రెజరీలో జీతం బిల్లు పాసయ్యేది కాదు. ఒక అటెండరు పోస్టు మీద పెట్టిన ఆ జాగ్రత్త మన మెదడు మీద పనిచేసే మందు విషయంలో పెట్టటం లేదు. తాత్కాలికంగా ఇచ్చింది ఎవరూ తిరిగి చూడకుండా శాశ్వతమైపోవటం మొదటి ప్రమాదం. ఒకనాడు ఎవరో భయపెడితే దాన్ని టక్కున ఆపేయటం రెండో ప్రమాదం. నేను చెప్పదలచుకున్నది ఈ రెండే.

రెండు రకాల మందులు

ముందు మనం ఏ మందుల గురించి మాట్లాడుతున్నామో తెలియాలి. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే మందుల్లో పెద్ద కుటుంబం బెంజోడయజిపైన్లు. ఆల్‌ప్రజోలాం, డయజిపాం, లోరాజిపాం, క్లోనాజిపాం, నైట్రాజిపాం ఇందులోవి. డయజిపామే వాలియం, మన వాళ్లకు తెలిసిన కాంపోజ్. జోల్పిడెం అనే నిద్రమాత్ర ఈ కుటుంబం కాకపోయినా దగ్గరి బంధువే.

రెండో కుటుంబం ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి నొప్పి మందులు. మార్ఫిన్, కోడీన్, పెంటజోసిన్, ట్రమడాల్, టాపెంటడాల్ ఈ జాతివి. పారాసిటమాల్, డైక్లోఫినాక్ ఈ జాతివి కావు, వాటి సంగతి వేరు. అయితే ట్రమడాల్‌ను పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు. అందుకని పెద్దక్షరాల పేరుతో సరిపెట్టుకోకుండా కింద చిన్నక్షరాల్లో ఉన్నది కూడా చదవాలి. మనకు కళ్లజోడు ఉన్నది అందుకే!

అమెరికా కథ

ఓపియాయిడ్ల వల్ల అమెరికాలో జరిగిన అనర్థం మీరు విన్నదే. మీ పిల్లల్లో చాలామంది అక్కడే ఉన్నారు. 1996లో పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ ఆక్సికాంటిన్ అనే నొప్పిమాత్రను మార్కెట్లో పెట్టింది. అలవాటు పడే ప్రమాదం తక్కువని ప్రచారం చేశారు. కాన్సరుకే కాదు, నడుము నొప్పికీ, మోకాళ్ల నొప్పికీ ఏళ్ల తరబడి రాశారు. 2007లో ఆ కంపెనీ అనుబంధ సంస్థ తప్పుదారి పట్టించినట్లు కోర్టులో ఒప్పుకుంది. మొత్తం మీద 60 కోట్ల డాలర్లకు పైగా కట్టవలసి వచ్చింది. 2020లో పర్డ్యూ కంపెనీ మళ్లీ నేరం ఒప్పుకుంది. ఈలోగా అలవాటు పడినవారు హెరాయిన్‌కూ, దొంగచాటుగా తయారైన ఫెంటనిల్‌కూ మళ్లారు. 2021లో మాదకద్రవ్యాల మోతాదు మించి అక్కడ చనిపోయినవారు లక్ష మంది దాటారు. అందులో ఎక్కువ భాగం ఫెంటనిల్ వల్లనే.

ఈ కథలో గుమాస్తాగా నన్ను ఆకట్టుకున్న కాగితం ఒకటుంది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్టర్, జిక్ అనే ఇద్దరు అయిదు వాక్యాల ఉత్తరం రాశారు. ఆసుపత్రిలో ఉండగా నొప్పిమందు తీసుకున్న పన్నెండు వేల మంది లోపు రోగుల్లో వ్యసనం కనిపించింది నలుగురిలోనే అని దాని సారాంశం. అది ఆసుపత్రి మంచం మీద ఉన్నవారి లెక్క. ఇంటికి వెళ్లి నెలలూ ఏళ్లూ వాడిన వారి లెక్క కాదు. ఆ తేడా చూడకుండా ఈ ఉత్తరాన్ని ఉటంకించుకుంటూ పోయారు. 2017లో అదే పత్రికలో వచ్చిన ఒక లెక్కలో 608 చోట్ల ఉటంకించినట్లు తేలింది. అందులో ఎక్కువమంది వ్యసనం అరుదనటానికే దాన్ని సాక్ష్యంగా చూపారు. "వైడ్ లెటర్ నంబరు ఫలానా" అని రాసి, ఆ లెటరు తీసి చదవని గుమాస్తాలను మనం ఎరుగుదుం. ఆ జబ్బు వైద్యశాస్త్రంలోనూ ఉందన్న మాట.

ఆందోళన మాత్రల కథ ఇంతకంటే పాతది, ఇంత చప్పుడు లేనిది. రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన లిబ్రియం 1960లో, వాలియం 1963లో వచ్చాయి. అంతకుముందు వాడిన బార్బిట్యురేట్లు మోతాదు కాస్త మించితే ప్రాణం తీసేవి. వాటితో పోలిస్తే ఇవి క్షేమమైనవి, అది నిజమే. ఆ క్షేమమే మనుషుల్ని ఏమరపాటులో పడేసింది. 1988లోనే బ్రిటన్ మందుల భద్రతా సంఘం ఈ మాత్రలు రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దని వైద్యులకు చెప్పింది. న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుంచి 1994 వరకు ఈ మాత్రలు మానలేక బాధపడేవారి కోసం ప్రత్యేకంగా క్లినిక్ నడిపి, ఆ అనుభవంతో 1999లో ఒక కరదీపిక రాశారు. అమెరికాలో ఈ మందులన్నిటి మీద అలవాటు గురించి, మానేటప్పటి ప్రమాదం గురించి నల్లగీతల పెట్టెలో తీవ్ర హెచ్చరిక ముద్రించమని ఎఫ్.డి.ఎ. ఆదేశించింది 2020లో! మొదటి మాత్ర వచ్చిన అరవై ఏళ్లకు.

పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ

పోలిక ఇది. రెండూ మొదట్లో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కొన్ని వారాలకు శరీరం సర్దుకుని, అదే ఫలితానికి ఇంకాస్త కావాలంటుంది. మానితే ఏ బాధకు మొదలుపెట్టామో అదే బాధ రెట్టింపై వస్తుంది. అది చూసి "చూశారా, మందు లేకపోతే నేను ఉండలేను" అనుకుంటాం. నిజానికి అందులో కొంత పాత జబ్బు, కొంత మందు మానినందువల్ల వచ్చిన బాధ. ఏది ఎంతో విడదీయటం వైద్యుడికే కష్టం.

ఇక్కడ ఒక మాట. శరీరం అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. డాక్టరు రాసినట్లే రోజుకొక మాత్ర వేసుకున్న పెద్దమనిషి శరీరం కూడా అలవాటు పడుతుంది. ఆయన వ్యసనపరుడు కాదు. సిగ్గుపడవలసిన పని ఆయన ఏమీ చేయలేదు. ఈ భేదం తెలియకనే చాలామంది ఇంట్లో చెప్పుకోరు.

తేడా ఇది. మోతాదు మించితే ఓపియాయిడ్ ఊపిరి ఆపేస్తుంది. ఆందోళన మాత్ర ఒక్కటే అయితే అంతపని చేయటం తక్కువ. మానేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. ఓపియాయిడ్ హఠాత్తుగా మానితే వాంతులు, విరేచనాలు, ఒళ్లునొప్పులతో నరకం కనిపిస్తుంది గాని ప్రాణం పోవటం అరుదు. ఆందోళన మాత్ర హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. రెండూ కలిపి వేసుకుంటే ఊపిరికి రెండు వైపుల నుంచీ ఉరి. 2016లో ఎఫ్.డి.ఎ. ఈ కలయిక గురించే ప్రత్యేకంగా హెచ్చరించింది. వీటిలో దేనికైనా మందు గ్లాసు తోడైతే ఇక చెప్పేదేముంది.

ఇంకొకటి. 0.5 అని చూసి "అర మిల్లీగ్రామేగా" అనుకోవద్దు. ఆష్టన్‌గారి పట్టిక ప్రకారం ఆల్‌ప్రజోలాం 0.5 మిల్లీగ్రాములు డయజిపాం 10 మిల్లీగ్రాములతో సమానం. పావలా బిళ్ల చిన్నదే అయినా అయిదు పైసల బిళ్ల కంటే విలువైనది కదా.

మన దగ్గర వ్యవహారం తలకిందులు

అమెరికాలో నొప్పిమందు కుప్పలుగా పంచారు. మన దేశంలో కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట పండించి నల్లమందు తీస్తాం. అయినా కాన్సరు రోగికి మార్ఫిన్ దొరకని పరిస్థితి దశాబ్దాల తరబడి నడిచింది. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం కింద లైసెన్సుల బాదరబందీకి భయపడి ఆసుపత్రులు దాన్ని ఉంచటమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి కొంత సులువు చేశారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు, మన హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి పాలియేటివ్ విభాగం వారు చేసిన కృషి దీనిలో గొప్పది.

నాతో పనిచేసిన ఒక అటెండరుకు నోటి కాన్సరు వచ్చింది. చివరి నెలల్లో డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాస్తే, ఇంట్లోవాళ్లు "అలవాటు పడిపోతాడేమో" అని వేయలేదు. మూడు నెలలు బతికే మనిషికి అలవాటేమిటండీ? ఆ మూడు నెలలూ ఆయన మూలుగు వీధి చివరికి వినిపించింది. అదే ఇంట్లో ఆయన తల్లి ఎనిమిదేళ్లుగా రోజూ రాత్రి నిద్రమాత్ర వేసుకుంటోంది. దాని గురించి ఎవరికీ ఏ భయమూ లేదు. భయపడవలసిన చోట నిర్భయం, అక్కర్లేని చోట భయం. మన దగ్గర జరుగుతున్నది ఇదే.

నియమాలు లేవని కాదు. 2013లో ప్రకటించి 2014 మార్చి 1 నుంచి అమలులోకి తెచ్చిన షెడ్యూల్ హెచ్-1 ప్రకారం ఆల్‌ప్రజోలాం, డయజిపాం, నైట్రాజిపాం, జోల్పిడెం, ట్రమడాల్ వంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు అన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ట్రమడాల్‌ను 2018లో ఎన్.డి.పి.ఎస్. చట్టం కిందకు కూడా తెచ్చారు. కాని ఖాళీ స్ట్రిప్ చూపిస్తే చాలు కొత్త స్ట్రిప్ చేతిలో పెట్టే మందుల షాపులు మనకు తెలుసు. "మాస్టారు పాత ఖాతాయే కదా" అని గౌరవం కూడా చేస్తారు. అది గౌరవం కాదని మనం గ్రహించాలి.

మన వయసులో

డెబ్బై దాటిన శరీరం మందును త్వరగా బయటికి పంపలేదు. నిన్న రాత్రి వేసుకున్న డయజిపాం ఇవాళ రాత్రికీ ఒంట్లో మిగిలి ఉంటుంది. దానిమీద ఇంకొకటి. పగలు తూలు, మతిమరుపు, మాట తడబాటు మొదలవుతాయి. "వయసు మీద పడింది" అనుకుంటాం. వృద్ధులకు తగని మందుల జాబితాగా 1991 నుంచి పేరున్న బీర్స్ జాబితాలో ఈ మాత్రలు ఉన్నది అందుకే.

మన సభ్యురాలొకరికి, రిటైరైన పంతులమ్మగారు, ఎముకల డాక్టరు మోకాళ్లకు ట్రమడాల్ రాశారు. మరో డాక్టరు నిద్రకు ఆల్‌ప్రజోలాం రాశారు. ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు. అర్ధరాత్రి బాత్రూముకు లేచి తూలి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ రెండు చీటీలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి కుట్టింది నేనే. అవి పక్కపక్కన చేరటానికి తుంటి విరగవలసి వచ్చింది.

హఠాత్తుగా ఆపవద్దు

ఇప్పుడు రెండో ప్రమాదం. మన మిత్రుడొకరు, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. భార్య పోయిన తరువాత మొదలైన ఆల్‌ప్రజోలాం పదకొండేళ్లు వాడారు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు తీసుకెళ్లిన మాత్రలు అయిపోయాయి. కొడుకు టీవీలో మత్తు మందుల వార్తలు చూసినవాడు. "ఇది కూడా అలాంటిదే నాన్నా, మానేయండి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. రెండో రోజు చేతులు వణికాయి. మూడో రోజు నిద్ర లేదు, గోడ మీద ఏవో కనబడ్డాయి. నాలుగో రోజు ఫిట్స్. ఆసుపత్రిలో కోడలు ఖాళీ స్ట్రిప్ చూపించాక గాని కారణం తెలియలేదు. మళ్లీ మందు మొదలుపెట్టి, పది నెలలు కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించారు. ఆయన ఈ హాలులోనే కూర్చున్నారు. పేరు చెప్పొద్దన్నారు, కథ మాత్రం తప్పక చెప్పమన్నారు.

ఇది ఒక్కరి కథ కాదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది చాలాచోట్ల ఈ ఆల్‌ప్రజోలామో, డయజిపామో. 2015లో నిజామాబాదు తదితర జిల్లాల్లో ఎక్సైజువారు కల్తీని గట్టిగా అరికట్టగానే, రోజూ తాగేవారు వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరటం పత్రికల్లో చదివాం. కల్తీ ఆపటం మంచి పనే. ఆపిన మర్నాడు ఆ మనుషులకు వైద్యం కావాలన్న ఆలోచన ముందే ఉండాలి.

అమెరికావాళ్లకూ ఇదే పాఠం తెలిసివచ్చింది. 2016లో ఓపియాయిడ్లు తగ్గించమని మార్గదర్శకాలు వస్తే, కొందరు వైద్యులు ఏళ్ల తరబడి వాడుతున్నవారికి ఒక్కసారిగా ఆపేశారు. రోగులు నొప్పితో, నిరాశతో అల్లాడారు. 2019లో ఎఫ్.డి.ఎ. అలా ఆపవద్దని హెచ్చరించింది, 2022లో మార్గదర్శకాలనే సవరించారు. ఆందోళన మాత్రల విషయంలో 2025లో అక్కడి వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచన ఏమిటంటే, మొదట 5 నుంచి 10 శాతం చొప్పున, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి తగ్గించాలని. ఎంత తొందరైనా రెండు వారాల్లో 25 శాతం మించకూడదని. ఇది మనం ఇంట్లో చాకుతో మాత్ర కోసుకుని చేసే లెక్క కాదు. డాక్టరు చూస్తూ చేయించవలసినది.

నా మనవి

ఒకటి. మీరు వాడే మందులన్నీ, ఏ డాక్టరు రాసినా సరే, ఒకే కాగితం మీద రాయండి. ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది అన్నవి కూడా రాయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించండి.

రెండు. "ఇది ఇంకా అవసరమా? ఎన్నాళ్లు?" అని డాక్టరును అడగండి. అడగటం అమర్యాద కాదు. మూర్ఛకో మరో జబ్బుకో దీర్ఘకాలం కావలసినవారూ ఉంటారు, వారికి డాక్టరు కారణం చెబుతారు. కారణం తెలిసి వాడటం వేరు.

మూడు. మీ అంతట మీరు ఆపవద్దు. ఊరికి వెళ్లేటప్పుడు, ముఖ్యంగా విదేశానికి, సరిపడా మందులు, డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోండి.

నాలుగు. మీ మాత్ర పక్కింటివారికి ఇవ్వవద్దు, వారిది తీసుకోవద్దు.

అయిదు, ఇది పిల్లలకు. అమ్మా నాన్నా ఈ మాత్ర వేసుకుంటున్నారని తెలిస్తే కోప్పడకండి, చెత్తబుట్టలో పారేయకండి. వెంట డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ మాత్ర వెనుక ఎవరూ మాట్లాడని సాయంత్రాలుంటాయి. వీలైతే వాటికి కూడా ఒక మందు ఆలోచించండి.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. బతికే ఉన్నామని నిరూపించుకుంటేనే పెన్షను. మనిషినే నమ్మని ఈ లోకంలో మాత్రను మాత్రం ఎందుకు నమ్మాలి? దాని అవసరం ఇంకా బతికే ఉందని ఏటా అదీ నిరూపించుకోవాలి. సంతకం పెట్టేది మీ డాక్టరు, అడగవలసింది మీరు. కాగితాలు వరుస పెట్టటానికి సాయం కావాలంటే మంగళ, శుక్రవారాలు సంఘం ఆఫీసులో నేనుంటాను.

 భోజనాలకు లేవండి.